ప్రమీల కంప్యూటర్ కూత పెట్టిన సంగతి

డిండోలి, సూరత్.
18-11-2024, సోమవారం.

చిరంజీవి సంపత్‌కు,

నాయిన లింగమూర్తి దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, కోడలు ముగ్గురం మంచిగనే ఉన్నం. లుధియానాల చలి మొదలైందంట, నువ్వు గూడ మంచిగుండాలెనని కోరుకుంటున్న. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి అట్లనే ఉన్నది. నల్లా ఒక్క పూటనే వస్తున్నది. ఇంతవరకు మర్యాద. ఇగ మిగిలిందంత కోపమే.

చేతిల ఫోన్ ఉండంగ ఉత్తరమేంది అనుకుంటవ్. ఫోన్‌ల నేను మాట్లాడలేనని నీకెరుకే. నువ్వు పది మాటలంటే నేను ఊ అంట. నాకు మాట దొరికేటాళ్ళకు నువ్వు సరే నాయినా ఉంట అని పెట్టేస్తవ్. కోపమొస్తే నా నోరు ఇంకా మూసుకపోతది. బతుకంత మరమగ్గాల సాంచల చప్పుడుల గడిచింది. అక్కడ ఎవ్వడు మాట్లాడినా వినపడదు, మెల్లగ మాట్లాడుడే మరిచిపోయిన. రాసుడు మాత్రం మా ఊరి బడి సారు బెత్తం పట్టుకొని నేర్పిండు. అది ఇయ్యాల పనికొస్తున్నది. కాగితమైతే నువ్వు నడుమల పెట్టెయ్యలేవు. చివరిదాక చదువు.

లాభ్ పాంచమ్ నాడు నువ్వు రైలెక్కినవ్. దీపావళికి మూసిన దుకాండ్లన్నీ తెరిచే దినం, మంచి దినమని నువ్వే ఎంచుకున్నవ్. పోయే ముందర ప్రమీల కంప్యూటర్‌ల కొత్త ర్యామ్ ఎక్కిచ్చినవ్. పాతది చిన్నది, పెద్ద డిజైన్ తెరిస్తే మిషన్ మోయలేకపోతున్నది, ఇది పెడితే ఉరుకుతది అన్నవ్. సంతోషం. ఆ పిల్ల ఎన్నాళ్ళ సంది అడుగుతున్నది.

కొత్త సామాను ఏదైనా పసుపు కుంకుమ పెట్టందే ఎక్కియ్యం. అది మన ఇంటి రివాజు. మగ్గానికి నాడె అయినా అంతే, మోటర్‌కు బెల్ట్ అయినా అంతే. ఆ పూజ నువ్వు, మీ అమ్మ, ప్రమీల లోపట చేసుకున్నరు. నేను గల్లీ మొగన ఆటో పోకుండ నీ సంచి పట్టుకొని నిలబడ్డ. కొబ్బరికాయ పలిగిన చప్పుడు మాత్రం విన్న. కొంచెంసేపటికి నువ్వు నవ్వుకుంట వచ్చి, నడిచింది నాయినా, పన్నెండు చూపెడుతున్నది అన్నవ్. పాతది నాలుగు, కొత్తది ఎనిమిది, రెండు కలిస్తే తెర మీద పన్నెండు కనపడాలెనంట. ప్రమీల తర్వాత చెప్తే నాకు తెలిసింది.

తెల్లారి ప్రమీల స్విచ్ ఏసింది. తెర నల్లగనే ఉన్నది. డబ్బ లోపటి నుంచి మూడు కూతలు. జర ఆగి మళ్ళ మూడు. తల్లి తప్పిపోయిన కోడిపిల్ల తీరు అరుసుడు. బంద్ చేసి మళ్ళ ఏసింది. మళ్ళ అదే కూత.

ఆమె పని సంగతి నీకు తెల్వదని కాదు. మరిచినట్టున్నవని రాస్తున్న. మిషన్ చీర మీద పువ్వు కుట్టాలంటే ఆ పువ్వును ముందుగాల కంప్యూటర్‌ల ఒక్కో కుట్టు లెక్కన గీయాలె. పంచింగ్ అంటరు దాన్ని. పక్క సొసైటీల భాభీ కాడ నేల మీద కూసొని, ఆమె పిల్లలను ఎత్తుకొని ఆడిపిచ్చుకుంట నేర్చుకున్నది ప్రమీల. ఇన్నాళ్ళు చిన్న చిన్న బుటాలు చేసింది. ఇప్పుడు మార్కెట్‌ల సేఠ్ మొదటిసారి నిండు కొంగు డిజైన్ ఇచ్చిండు. నచ్చితే పని ఆగకుండ ఇస్త, గురువారంకు రాకుంటే మళ్ళ మా మెట్లెక్కకు బెన్ అని, చెల్లె అనుకుంటనే చెప్పి పంపిండు. పాత ర్యామ్ ఒక్కదానితోని మిషన్ లేస్తది గని ఆ కొంగు సగం తెరిచి అక్కడనే కొయ్యబారిపోతది. కొత్తది పెడితే కూత. గిట్లున్నది ఆమె తిప్పలు.

భయపడుకుంట నీకు ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చెవి కాడ పెట్టుకుంటే వినపడదు, స్పీకర్ పెట్టాలె, అది గూడ నీకెరుకే. నువ్వన్న మాటలు నేను విన్న. మీ అమ్మ విన్నది. గోడవతలి కరుణ విన్నది. నీ మాటలు నీకు రాసి పంపుతున్న, నువ్వే చదువుకో.

నేను ఎక్కిచ్చి నడిపిచ్చి వచ్చిన, నువ్వేం కెలికినవే అన్నవ్. ఇక్కడ ఇంత పెద్ద ఎంబ్రాయిడరీ మిషన్లు నా చేతి మీద నడుస్తున్నయి, నా ఇంట్ల ఒక డబ్బ నడవదా అన్నవ్. బట్టలుతికిన తడి చేతులు పెట్టి ఉంటవ్ అన్నవ్. పదో తరగతి తప్పినదానికి కంప్యూటర్ కొనిచ్చిన, నాదే బుద్ధి తక్కువ అన్నవ్. ఆదివారం ముత్యం టెంపో తీసుకొని వస్తడు, డబ్బ వానికిచ్చెయ్, ఎవరికన్న అమ్మేస్తడు అన్నవ్. నువ్వు ఊరవతల సచిన్ ఏరియాల దారాలు కత్తిరించే కంపెనీకి పో, ముత్యం పెండ్లాం పోతలేదా, ఆమెకేమన్న కిరీటం పడిపోయిందా అన్నవ్.

ప్రమీల ఫోన్ పక్కకు పెట్టి బియ్యం కడిగింది. కడిగిన బియ్యమే మళ్ళ కడిగింది. గోడవతలికెల్లి కరుణ, వదినా, అన్న తిట్టుడు అయిపోయిందా, మా టీవీ చప్పుడు జర తగ్గించుకోవచ్చునా అని అడిగింది. ఆమె నవ్వియ్యాలెననే అన్నది. నాకు మాత్రం సిగ్గుతోని తల ఎత్తబుద్ధి కాలే.

మీ అమ్మ నీ దిక్కే. వాడు మెకానిక్, వానికి తెల్వదా అన్నది నా దిక్కు చూసి. నేను ఊ అనలే. పెండ్లయిన కాణ్నించి మీ అమ్మ మాటకు నేను ఊ అనకుండ ఉన్నది అదే మొదలు. ఆమె గూడ బీరిపోయింది.

శనివారం నేను, ప్రమీల నువ్వు కొన్న దుకాణానికి పోయినం. ర్యామ్‌ను చిన్న కవర్‌ల పెట్టి, రుమాల్‌ల చుట్టి పట్టుకపోయినం. దుకాణపాయన చేతిలకు గూడ తీసుకోలే. సీల్ తీసినంక వాపస్ లేదు కాకా అన్నడు. ఒక్కసారి మీ మిషన్‌ల పెట్టి చూడుండ్రి భయ్యా అని ప్రమీల హిందీల బతిమాలింది. జల్ గయా బెన్, కొత్తది తీసుకపో అన్నడు. కవర్ తీసి చూడకుండనే కాలిపోయిందని చెప్పిండు. చూడకుండ చెప్పేటోడు వాడొకడు, నువ్వొకనివి. ఈ మాట వాని ముంగట నాకు రాలే. మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చినంక వచ్చింది. అప్పుడెవరికి చెప్పాలె?

ఆదివారం ముత్యం రానే వచ్చిండు. మా ఊరి పిల్లగాడు, మంచోడే. నువ్వు చెప్పిన పని చెయ్యనొచ్చిండు. నేను గడప మీద కూసున్న. కాకా, జర జరుగు అన్నడు. నేను జరగలే. సంపత్ అన్ననే చెప్పిండు కాకా, నా మీద కోపమెందుకు అన్నడు. చాయ్ తాగుతవా అన్న. తాగుత అన్నడు. ప్రమీల చాయ్ తెస్తే గడప అవతలికే అందిచ్చిన. తాగిండు, గ్లాసు ఇచ్చిండు, మళ్ళ జరుగు కాకా అన్నడు. ఇంకో చాయ్ తాగుతవా అన్న. కాకా, నన్ను చాయ్‌తోనే తోలిచ్చేటట్టున్నవ్ గదా అని నవ్విండు. నేను నవ్వలే. వాని నవ్వు గూడ ఆగిపోయింది. టెంపోల ఉత్తగనే పోయిండు. పోయేటప్పుడు, అన్నకు ఏమని చెప్పాలె అన్నడు. ఏమీ చెప్పకు, నేను రాస్త అన్న. ఆ రాసుడే ఇది.

లోపటికొస్తే ప్రమీల కంప్యూటర్ మీద చెయ్యేసి నిలబడ్డది. దూడను అంగడికి తోలకపోతుంటే ఎట్ల పట్టుకుంటరో అట్ల. మామా, ఈ వారం ఒక్కటి ఆగుండ్రి, నడవకుంటే నేనే సచిన్ పోత అన్నది. మళ్ళ పోయి గడప మీదనే కూసున్న.

మంగళవారం వంట కాంగనే కొంగు నడుముకు చెక్కి మొదలుపెట్టింది. వైరు పీకింది. కిటికీ ఇనుప చువ్వ పట్టుకున్నది. ఒంట్ల కరెంటేమన్న ఉంటే చువ్వల పోతదని భాభీ చెప్పిందంట. డబ్బ మూత తీసింది. నన్ను టార్చ్ పట్టమన్నది. రెండు ముక్కలు బయటికి తీసింది. రెండూ ఒక్కసారి పెట్టొద్దు మామా, దొంగ ఏదో దొర ఏదో తెల్వదు అన్నది.

ముందుగాల పాతది ఒక్కటే పెట్టింది. లేచింది. అదే పాతదాన్ని కొత్తది ఉన్న సందుల పెట్టింది. లేచింది. అయితే సందు మంచిదే అన్నది. కొత్తదాన్ని పాతదాని సందుల పెట్టింది. మూడు కూతలు. సరిగ్గ కూసోలేదేమోనని రెండు దిక్కుల చెవులు టక్కుమనేదాక ఒత్తింది. మూడు కూతలు. రెండిటిని పక్కపక్కన పెట్టి నడుమ గాటు చూసింది. ఒక్క తీరుగనే ఉన్నది, జాతి వేరే కాదు మామా అన్నది.

తర్వాత కొత్తదాన్ని కిటికీ కాడికి పట్టుకపోయింది. కింద దువ్వెన పండ్ల లెక్క బంగారు పండ్లుంటయి గదా, అవి వెలుగుకు పెట్టి చూసింది. చూసుకుంట అట్లనే నిలబడ్డది. కాలిందా బిడ్డా అన్న. లేదు మామా అన్నది. మరేంది అన్న. జరంతసేపటికి, దుమ్ము అన్నది. రబ్బరు తెమ్మన్నది. పెన్సిల్ గీతలు తుడిచే తెల్ల రబ్బరు, ఆమె డిజైన్ గీసుకునేది. తెచ్చిచ్చిన. పసిపిల్ల పండ్లు తోమినట్టు మెల్లగ తోమింది. రబ్బరు మూల పచ్చగైంది. బంగారు పూత లేచొస్తున్నట్టుంది, జాగ్రత్త అన్న. లేదు మామా అన్నది. ఆ రబ్బరు పొట్టును ఊదెయ్యలే. కిందికి దులపలే. కొంగుల పట్టి ముడేసుకున్నది. దుమ్మును ముడేసుకునుడేందో నాకైతే అర్థం కాలే.

మళ్ళ ఎక్కిచ్చింది. స్విచ్ ఏసింది. ఒక్కటే కూత, చిన్నది. తెర వెలిగింది. పన్నెండు. ప్రమీల ఎగరలే, నవ్వలే. కూసొని కొంగు డిజైన్ తెరిచింది. ఆగకుండ తెరుచుకున్నది. అంచుకు తంగేడు పువ్వు గీసింది. ఇక్కడోళ్ళకు ఆ పువ్వు తెల్వదు, అయినా గీసింది. గురువారం పట్టుకపోతే సేఠ్, బహు సరస్ బెన్, మస్తుగున్నది, ఈ పీలా ఫూల్ ఏ దేశంది అని అడిగిండంట. మా దేశంది సేఠ్ అన్నదంట. ఇంకో కొంగు ఇచ్చి పంపిండు.

ఇదంత నువ్వు లేకుండనే అయింది. నాకు కోపం దానికి గాదు.

ఆ పొద్దుమీకి నీకు ఫోన్ చేసింది. నడుస్తున్నదయ్యా, సేఠ్‌కు నచ్చింది అన్నది. నువ్వు సంబురపడుతవనుకున్న. నువ్వేమన్నవ్? చూసినవా, నేను తెచ్చింది మంచిదే, చెడగొట్టింది నువ్వే, మళ్ళ బాగుచేసిన అంటున్నవ్, ముందు తప్పు నాదే అని ఒప్పుకో అన్నవ్. ఆ పిల్ల, ఔ, నాదే తప్పు అన్నది. నువ్వు నవ్వినవ్. ఇప్పటికన్న బుద్ధొచ్చింది అన్నవ్. గోడవతల కరుణ టీవీ చప్పుడు పెంచింది. ఈసారి నవ్వియ్యనికి గాదు.

ఆమెది తప్పెట్లయితది? పక్కన కూసొని టార్చ్ పట్టింది నేను. ఆమె తప్పు గోరంత లేదు. దుమ్ము ఎవరి తప్పు? గల్లీల దుమ్ము అందరిండ్లల్లకు వస్తది. ఆమె మీద గూడ నాకు కోపమొచ్చింది. చెయ్యని తప్పు ఎందుకు నెత్తిన పెట్టుకున్నవ్ బిడ్డా అని అడిగిన. పోనియ్యుండ్రి మామా అన్నది. నేను పోనియ్య. ఆమె పోనిచ్చుకుంటనే ఉంటది, నువ్వు అంటనే ఉంటవ్.

ఒరేయ్ సంపత్. నువ్వు మంది మిషన్లు బాగుచేస్తవ్. మిషన్ ఆగితే నువ్వేం చేస్తవ్? మిషన్‌ను తిడుతవా? మూత తీస్తవ్, చూస్తవ్, ఎక్కడ పట్టిందో చెయ్యి పెట్టి తడిమి చూస్తవ్. ఇంట్ల మనిషి కాడికొచ్చేసరికి మూత తీసేది లేదు, చూసేది లేదు. దూరంకెల్లి తిట్టుడే. ఇనుముకున్న ఇజ్జత్ ఆ పిల్లకు లేదా? ఈ మాట నీ ముంగట నిలబడి అనేటోడినే గాదు నేను. అందుకే జర గట్టిగ రాస్తున్న. అక్షరాలు కాగితం అవతలికి దిగినయి చూడు.

నిన్న ఆదివారం ఆమెనే నన్ను, మీ అమ్మను డుమస్ తీసుకపోయింది. సముద్రం కాడ టమాటా భజ్జీలు తినిపిచ్చింది. ఆయనకు గివంటే పానం అని ఒకసారి అన్నది. మీ అమ్మ వినలేదేమోనని మళ్ళ అన్నది. అంతగనం తిట్టినోని ఇష్టాన్ని యాది చేసుకుంటున్నది. నా భజ్జీ తీసి మీ అమ్మ పల్లెంల పెట్టిన.

ఇగ విను. డబ్బ ఇంట్లనే ఉంటది. ముత్యంకు ఇంకోసారి ఫోన్ చేసినవంటే గడప మీద చాయ్ గూడ దొరకదు. సచిన్‌కు ఎవరన్న పోవాలెనంటే నేను పోత. దారం కత్తిరించుడు నాకు చేతకాని పని గాదు. ఆ పిల్ల పోదు. ఇది అడుగుడు గాదు, చెప్పుడు.

చలికి చెవులకు రుమాల్ కట్టుకో. కోపమున్నా తండ్రిని గాకుండ పోను.

దీవెనతోని, కోపంతోని,
మీ నాయిన,
లింగమూర్తి.

తా.క. మంగళవారం పొద్దుగాల రాస్తున్న. కవర్ అంటియ్యకముందు ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపిచ్చిన. నీ దిక్కు మాట్లాడుతది గదా, ఆమెకు గూడ తెలువాలెనని. రబ్బరు పచ్చగైన కాడికి రాంగనే ఆపింది. దుమ్ము పచ్చగుంటదా, అది పసుపు గదా అన్నది. పసుపెక్కడిది అన్న. సంపత్ పెట్టిండు గదా, నేనే గిన్నె పట్టిన అన్నది. నల్లదాని మీద పెడితే కనపడదే అమ్మా, బంగారు పండ్ల మీద పెడితే లక్ష్మి తీరుంటది అని నువ్వే పండ్ల పొడుగు పసుపు రాసి, మీద కుంకుమ పెట్టినవంట. కండ్లకద్దుకొని ఎక్కిచ్చినవంట. తడి ఉన్నంతసేపు నడిచింది. తెల్లారేసరికి ఎండి పెచ్చు కట్టింది.

చెడగొట్టింది ఎవరో తెలిసిందా కొడుకా?

ప్రమీల పొయ్యి కాడ బెండకాయలు కోస్తుండె. నీకు తెలుసా బిడ్డా అన్న. కిటికీ కాడ చూసిననాడే తెలుసు మామా అన్నది, ఇటు మల్లకుండనే. మరి నాదే తప్పని ఎందుకన్నవ్ అన్న. కత్తిపీట ఆగింది. పెండ్లయిన కాణ్నించి ఆయన నా పనికి దండం పెట్టింది గదొక్కసారే మామా అన్నది. ఆ బొట్టుతోనే ఆగిందని తెలిస్తే ఇంకోసారి పెడతడా అన్నది.

మీ అమ్మ లేచిపోయి ఆమె ముంగటి కత్తిపీట తీసుకొని మిగిలిన బెండకాయలు తను కోసింది.

నీకు చెప్పొద్దని ప్రమీల దండం పెట్టింది. ఉత్తరం చింపేద్దామనుకున్న. చింపలే. కొంగుల ముడేసిన ఆ పొట్టు ఇప్పుడు దేవుని గూట్ల ఉన్నది. వచ్చినప్పుడు చూసుకో. మళ్ళ బొట్టు పెట్టు, డబ్బ మూత మీద పెట్టు.

దానికంటె ముందు ఆమెకు ఫోన్ చెయ్యి. పొద్దుమీకి చెయ్యి, అందరం ఇంట్లనే ఉంటం. స్పీకర్ ఎట్లయినా పెట్టాల్సిందే గదా. కరుణకు టీవీ బంద్ పెట్టుమని నేను చెప్పిన.